కుదురులేని పిల్లలు – వైద్య నిపుణుల నిరంతర విద్య



వైద్యుడు పట్టా పుచ్చుకున్న నాటితో చదువు ముగించవచ్చునా? ముగించకూడదని లోకమంతా అంటుంది. నియమాలూ అదే చెబుతున్నాయి. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలలో పాల్గొనాలి. వీటినే మేము వాడుకలో సీఎంఈలు అంటాము. అయితే ఆ 30 గంటలు ఏ విషయం మీద గడిచాయి, ఏ పద్ధతిలో గడిచాయి, ఎవరి ఖర్చుతో గడిచాయి, వాటి వల్ల ఏ రోగికి మేలు కలిగింది అనే ప్రశ్నలు వేసేవారు అరుదు.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలను ఒకే ఒక్క సమస్యకు ముడిపెట్టి వేస్తున్నాను. అది పిల్లలలో కనిపించే ఏకాగ్రతా లోపం, అతి చురుకుదనం. ఏడీహెచ్‌డీ అనే పేరు మీరు వినే ఉంటారు. దీనినే ఎంచుకోవడానికి కారణం ఉంది. మధుమేహాన్ని రక్తపరీక్ష పట్టి ఇస్తుంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చూపిస్తుంది. ఏడీహెచ్‌డీని నిర్ధారించే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. తల్లి చెప్పేది, టీచరు చెప్పేది, పిల్లవాడి తీరు, ఇవే ఆధారాలు. వీటిని తూచవలసిన త్రాసు వైద్యుడి జ్ఞానమే. ఆ త్రాసు పాతబడితే నష్టపోయేది నేరుగా పిల్లవాడే.

ఇది అల్లరి కాదు

మా పల్నాడు జిల్లాలోని క్రోసూరు వంటి ఊరిలో ఇటువంటి పిల్లవాడిని ఏమంటారో మీకు తెలుసు. 'కుదురు లేదు', 'కాలు నిలవదు', 'చెప్పింది చెవిన పడదు', 'మొద్దు'. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను గుర్తుచేసి బెత్తం అందుకునేవారూ ఉన్నారు. దిష్టి తీయించేవారు, తాయెత్తు కట్టించేవారు ఉన్నారు. ఇవన్నీ అయ్యాక ఏ తొమ్మిదో తరగతిలోనో పిల్లవాడు బడి మానేస్తాడు. పత్తి చేనుకో మిరప తోటకో పోతాడు. చదువు అబ్బలేదని ఇంటివారు సరిపెట్టుకుంటారు.

నిజానికి ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య. ఒక పని మీద దృష్టి నిలపలేకపోవడం, కూర్చున్న చోట కూర్చోలేకపోవడం, ఆలోచించకుండా తొందరపడడం దీని ప్రధాన లక్షణాలు. ఈ లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. కనీసం ఆరు నెలలుగా కొనసాగుతూ ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. వాటి వల్ల చదువో, స్నేహాలో, ఇంటి జీవితమో దెబ్బతింటూ ఉండాలి. ఇవన్నీ కలిస్తేనే ఏడీహెచ్‌డీ.

ఇది ఈనాటి జబ్బు, పట్నం జబ్బు, సెల్‌ఫోన్ తెచ్చిన జబ్బు అనేవారికి ఒక మాట. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లోనే ఇటువంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చారు. అప్పటికి టెలివిజన్ కూడా లేదు. వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2007లో ప్రచురించిన విశ్లేషణ పిల్లలలో సుమారు 5 శాతం మందికి ఇది ఉందని తేల్చింది. కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల పిల్లలపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో అది 11 శాతానికి పైగా ఉంది. వాడే ప్రశ్నావళిని బట్టి, సమాచారం ఎవరు ఇచ్చారన్న దానిని బట్టి అంకెలు మారుతుంటాయి. తక్కువ అంకెనే తీసుకున్నా 400 మంది చదివే బడిలో ఇరవై మంది పిల్లలు ఉండాలి. మీ ఊరి బడిలో ఆ ఇరవై మంది ఎవరో ఎవరికైనా తెలుసా?

పుస్తకం మారింది

నిపుణులకు నిరంతర విద్య ఎందుకు అనే ప్రశ్నకు ఈ సమస్యే మంచి సమాధానం. 1994 నాటి అమెరికన్ మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం ప్రకారం లక్షణాలు ఏడేళ్ల లోపు మొదలై ఉండాలి. 2013లో వచ్చిన ఐదవ కూర్పు ఆ హద్దును పన్నెండేళ్లకు పెంచింది. పాత గ్రంథం ప్రకారం ఆటిజం ఉన్న బిడ్డకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి వీలులేదు. కొత్త గ్రంథం రెండూ కలిసి ఉండవచ్చునని అంగీకరించింది. పదిహేడేళ్లు నిండినవారి విషయంలో ఆరు లక్షణాలకు బదులు ఐదు చాలునన్నది. అంటే 1990లలో చదువుకొని అక్కడే ఆగిపోయిన నిపుణుడు, పదేళ్ల వయసులో లక్షణాలు బయటపడిన పిల్లవాడిని 'నీకు ఏమీ లేదు' అని పంపివేస్తాడు. ఆటిజం ఉన్న బిడ్డలోని రెండో సమస్యకు చికిత్సే చేయడు. ఆయన తెలివిలో లోపం లేదు. ఆయన చదివిన పుస్తకానికి కాలం చెల్లింది.

పెద్దయితే అదే పోతుందని ఒకప్పుడు అనుకునేవారు. చాలామందిలో అది యౌవనం దాటి కూడా కొనసాగుతుందని ఇప్పుడు తెలుసు. ఇది మగపిల్లల జబ్బని అనుకునేవారు. ఆడపిల్లలలో గంతులు తక్కువ, పరధ్యానం ఎక్కువ. కిటికీ పక్కన నిశ్శబ్దంగా కూర్చొని ఏదో లోకంలో ఉండే పిల్ల ఎవరికీ ఇబ్బంది కలిగించదు కనుక ఎవరి కంటా పడదు.

అనుభవం వీటన్నిటినీ నేర్పదా అని మీరు అడగవచ్చు. ముప్పై నలభై ఏళ్ల సర్వీసు చేసిన నావంటివారికి ఆ మాట ఇంపుగానే ఉంటుంది. కాని 2005లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష, వైద్యుడి వయసుకూ వైద్య నాణ్యతకూ ఉన్న సంబంధంపై జరిగిన 62 అధ్యయనాలను పరిశీలించింది. ఏళ్లు గడిచిన కొద్దీ నాణ్యత తగ్గిందని వాటిలో సగానికి పైగా సూచించాయి. అనుభవం చేతికి నేర్పు ఇస్తుంది. కొత్త విషయాన్ని మాత్రం చదివి తెలుసుకోవలసిందే.

రెండు వైపులా గొయ్యే

జబ్బును గుర్తించకపోవడం ఒక గొయ్యి. లేని జబ్బును అంటగట్టడం రెండో గొయ్యి. కుదురులేని ప్రతి బిడ్డకూ ఏడీహెచ్‌డీ ఉండదు. వినికిడి తగ్గిన బిడ్డ చెప్పింది వినడు. చూపు మందగించిన బిడ్డ బోర్డు మీది రాత చూడలేక పక్క చూపులు చూస్తాడు. ముక్కు వెనుక అడినాయిడ్లు పెరిగి రాత్రి గురక పెట్టే బిడ్డకు నిద్ర చాలదు, పగలు చిరాకుగా తిరుగుతాడు. రక్తహీనత ఉన్న పిల్ల పాఠం మధ్యలో వాడిపోతుంది. కొన్ని క్షణాల పాటు శూన్యంలోకి చూసే ఒక రకం మూర్ఛను పరధ్యానం అనుకోవడం కద్దు. అక్షరాలు తారుమారయ్యే అభ్యసన వైకల్యం ఉన్నవాడు పుస్తకం తెరిస్తే పారిపోతాడు. ఇంట్లో తాగి కొట్టే తండ్రి ఉన్న బిడ్డ బడిలో ఉలికిపడుతూనే ఉంటాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఆంగ్ల మాధ్యమం. పాఠం అర్థం కాని బిడ్డ కదలకుండా ఎంతసేపు కూర్చుంటాడు?

వయసు సంగతి కూడా చెప్పాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2012లో వెలువడింది. అక్కడ ఒకే తరగతిలో జనవరిలో పుట్టినవారు పెద్దవారు, డిసెంబరులో పుట్టినవారు చిన్నవారు. జనవరి పిల్లలతో పోలిస్తే డిసెంబరులో పుట్టిన మగపిల్లలకు ఏడీహెచ్‌డీ ముద్ర 30 శాతం, ఆడపిల్లలకు 70 శాతం ఎక్కువగా పడింది. కేవలం వయసు చాలక కుదురు రాని పిల్లలకు జబ్బు పేరు పెట్టారన్నమాట. మూడేళ్లు నిండీ నిండకముందే ఎల్‌కేజీలో వేసే మన ప్రాంతంలో నిపుణులు ఈ విషయాన్ని ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

మందు కన్నా ముఖ్యమైనది

ఏడీహెచ్‌డీకి ప్రధానమైన మందు మిథైల్‌ఫెనిడేట్. 1944లో దీనిని తయారుచేశారు. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది. మందుల చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒక ప్రతిని మందుల షాపువారు రెండేళ్లు భద్రపరచాలి. ఇంత కట్టుదిట్టం చూసి తల్లిదండ్రులు భయపడతారు. కొందరు వైద్యులు కూడా జంకి, దానికి బదులు జ్ఞాపకశక్తి టానిక్కులు రాసి పంపుతారు. ఆ టానిక్కులతో ఏడీహెచ్‌డీ తగ్గుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. సరైన పర్యవేక్షణలో వాడిన మిథైల్‌ఫెనిడేట్ వల్ల పిల్లలు పెద్దయ్యాక మత్తుపదార్థాలకు బానిసలయ్యే ప్రమాదం పెరగదని 2013లో వచ్చిన విశ్లేషణ తెలిపింది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం వంటి దుష్ఫలితాలు ఉన్నాయి. అందుచేత ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు క్రమం తప్పక చూడాలి. ఇంట్లో గుండెజబ్బుల చరిత్రను ముందుగానే అడగాలి. ఆరేళ్ల లోపు బిడ్డకైతే మొదట ఇవ్వవలసింది మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ.

ఇక్కడ ఒక అధ్యయనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలో 579 మంది పిల్లలపై 14 నెలల పాటు జరిపిన పరిశోధన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. పిల్లలను నాలుగు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి మందును నెలనెలా చూసి, మోతాదు సరిచేస్తూ ఇచ్చారు. రెండో బృందానికి ప్రవర్తనా శిక్షణ. మూడో బృందానికి రెండూ. నాలుగో బృందాన్ని వారి వారి ఊళ్లలోని మామూలు వైద్యులకు వదిలేశారు. జాగ్రత్తగా మందు ఇచ్చిన బృందాలలో లక్షణాలు బాగా తగ్గాయి. గమనించదగినది నాలుగో బృందం. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అదే తరహా మందు అందింది. అయినా ఫలితం అంతగా రాలేదు. మందు ఒకటే. తేడా ఎక్కడ ఉంది? పిల్లవాడిని మళ్లీ మళ్లీ పిలిచి, టీచరును అడిగి, మోతాదు సరిచేసిన శ్రద్ధలో ఉంది. మూడేళ్లు గడిచేసరికి బృందాల మధ్య తేడాలు చెరిగిపోయాయి. ఆ ప్రత్యేక శ్రద్ధ 14 నెలలతోనే ఆగిపోయిందని మరువరాదు. దీర్ఘకాలంలో మందు ఒక్కటే సర్వస్వం కాదనడానికి కూడా అది హెచ్చరిక. నిపుణుడికి నేర్పవలసింది మందు పేరు కాదు, ఈ శ్రద్ధను నడిపే పద్ధతి.

హాలులో కూర్చున్న గంటలు

మరి మన సీఎంఈలు ఏం నేర్పుతున్నాయి? పెద్ద హోటలులో చల్లని హాలు. వేదిక మీద వక్త, తెర మీద వరుసగా మారే స్లైడ్లు. వెనుక వరుసలో ఫోన్లు చూసుకునే వైద్యులు. బయట మందుల కంపెనీల బల్లలు. చివర భోజనం, చేతికి సర్టిఫికెట్. అన్నీ ఇలాగే ఉంటాయని నేను అనను. మంచి సదస్సులకు వెళ్లి లాభపడినవాడిని. కాని ఎక్కువ భాగం ఇదే తంతు అని వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

ఈ తంతు పనిచేయదని కూడా ఎప్పుడో తేలింది. 1999లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, కేవలం ఉపన్యాసాలు విన్నందువల్ల వైద్యుల పనితీరు మారలేదు. వైద్యులే పాల్గొని, చర్చించి, అభ్యాసం చేసే కార్యక్రమాల వల్ల మారింది. పాతికేళ్లు దాటినా మనం గంటలనే లెక్కపెడుతున్నాము.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఇంకా సున్నితమైనది. వైద్యులు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోరాదని 2009లో నియమావళిని సవరించారు. అటువంటి కానుకలకు కంపెనీలు ఆదాయపు పన్ను మినహాయింపు పొందజాలవని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కంపెనీల ప్రాయోజకత్వంతో జరిగే సదస్సులకు వైద్యులు దూరంగా ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు ఆరంభంలో నిబంధనలు తెచ్చి, అదే నెలలో వాటిని నిలిపివేసింది. 2024 మార్చిలో ఔషధ కంపెనీలకు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. విదేశాలలో ఇటువంటి సదస్సులు జరపరాదని అది చెబుతోంది. ఇన్ని మలుపులు తిరిగినా మూల ప్రశ్న అలాగే ఉంది. ఏడీహెచ్‌డీ వంటి సమస్యలో చికిత్స సగం మందు, సగం మాట. తల్లిదండ్రుల శిక్షణను అమ్మే కంపెనీ లేదు. బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకు రాసే ఉత్తరానికి ప్రాయోజకుడు దొరకడు. కనుక కంపెనీ డబ్బుతో నడిచే విద్యలో ఆ సగం కనుమరుగవుతుంది.

క్రోసూరు నుంచి చూస్తే

క్రోసూరులో ఒక కూలి తల్లి తన బిడ్డను నిపుణుడికి చూపించాలంటే నరసరావుపేటకో గుంటూరుకో పోవాలి. మిరప కోతల రోజులలో అది ఒక రోజు కూలి నష్టం. చార్జీలు అదనం. అంత శ్రమపడి వెళ్లిన తల్లికి ఐదు నిమిషాలు చూసి చీటీ రాసిచ్చి, మూడు నెలల తరువాత రమ్మంటే ఆమె మళ్లీ రాదు. ఆమెకు దొరికే ఆ ఒక్క అవకాశంలో నిపుణుడికి సరైన ప్రశ్నలు తెలిసి ఉండాలి. అందుకే పట్నం బిడ్డ కన్నా పల్లె బిడ్డకు నిపుణుడి చదువు ఎక్కువ అవసరం.

వ్యవస్థ కాగితం మీద ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను 30 రకాల సమస్యలకు పరీక్షించాలి. ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది, అభ్యసన వైకల్యం ఉంది. అనుమానం వచ్చిన బిడ్డను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఏడీహెచ్‌డీ మీద 2017లోనే ఏకాభిప్రాయ మార్గదర్శకాలను ప్రచురించింది. మన దేశపు పిల్లల కోసం తయారుచేసిన నిర్ధారణా ప్రశ్నావళి కూడా ఉంది. లోపించింది ఈ ముక్కలను కలిపే దారం. నిపుణుడికి వచ్చిన జ్ఞానం బృందం వైద్యుడికి, ఆయన నుంచి టీచరుకు, టీచరు నుంచి తల్లికి దిగి రావాలి. ఇప్పుడది హాలులోనే ఆగిపోతోంది.

దీనికి ఒక మార్గం చూపినవారు ఉన్నారు. అమెరికాలోని న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే కాలేయ వైద్యుడు 2003లో ఎకో అనే పద్ధతి ప్రారంభించారు. మారుమూల ఊళ్ల వైద్యులు వీడియోలో కలిసి, తమ తమ రోగుల కేసులను నిపుణుల ముందుంచి చర్చిస్తారు. ఆ వైద్యులు చేసిన హెపటైటిస్ సి చికిత్స విశ్వవిద్యాలయ ఆసుపత్రి చికిత్సకు తీసిపోలేదని 2011లో తేలింది. బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్యంలో ఇదే పద్ధతిని అనుసరిస్తోంది. రోగి ప్రయాణం చేయనక్కరలేదు, జ్ఞానమే ప్రయాణం చేస్తుంది.

జరగవలసినది

నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

మొదటిది. పిల్లల ప్రవర్తనా సమస్యలకు వైద్యం చేసే పిల్లల వైద్యులకు, మానసిక వైద్యులకు ఆ 30 గంటలలో కనీసం మూడో వంతు ఈ విషయం మీదే, అదీ కేసుల చర్చ రూపంలో ఉండాలి.

రెండవది. గుంటూరు వైద్య కళాశాల వంటి ప్రభుత్వ సంస్థ కేంద్రంగా, పల్నాడు జిల్లా వైద్యులందరికీ పక్షానికొక గంట వీడియో చర్చ పెట్టాలి. ఏడాదికి 26 గంటలు అవుతుంది. హోటలు అక్కరలేదు, భోజనం అక్కరలేదు, కంపెనీ అక్కరలేదు.

మూడవది. ఆ చర్చలో సంచార బృందాల వైద్యులు, సైకాలజిస్టులు, నెలకొకసారైనా బడి టీచర్లు కూర్చోవాలి. టీచరు మాట వినని ఏడీహెచ్‌డీ నిర్ధారణ సగం నిర్ధారణే.

నాలుగవది. హాజరును కాదు, ఫలితాన్ని కొలవాలి. ఎంతమంది పిల్లల కేసులో టీచరు నివేదిక ఉంది? ఎంతమందికి వినికిడి, చూపు పరీక్షించారు? మందు వాడే పిల్లలలో ఎంతమందికి ఎత్తు, బరువు నమోదయింది? ఏడాదికొకసారి పది కేసు కాగితాలు తిరగేస్తే ఏ సర్టిఫికెట్ చెప్పని నిజం బయటపడుతుంది.

దీనికి అభ్యంతరాలు తెలుసు. నిపుణులు కొద్దిమంది, రోగులు ఎందరో, ఇంకా చదువుల భారమా అంటారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్క వైద్యుడు సెలవు పెడితే ఓపీ ఎలా నడుస్తుందో నాకు తెలుసు. అందుకే రెండు రోజుల సదస్సు కన్నా పక్షానికొక గంట మేలంటున్నాను. ఆ గంటను సెలవుగా కాక డ్యూటీగా లెక్కించాలి. నిపుణులు కొద్దిమందే కనుకనే ఒక్కొక్కరి తప్పు వందల మంది పిల్లల మీద పడుతుంది. కొత్త నియమాలు పెడితే దొంగ హాజరులు పుడతాయనే అభ్యంతరంలో నిజముంది. అందుకే హాజరు కన్నా కేసు కాగితాల పరిశీలన ముఖ్యమన్నాను.

మరొక లోటు కూడా చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, అభ్యసన వైకల్యం అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి ఈ పిల్లలకు సర్టిఫికెట్ ద్వారా వచ్చే సాయం దాదాపు లేదు. వారికి దిక్కు సరిగా చదువుకున్న వైద్యుడు, సహనమున్న టీచరు మాత్రమే.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

నియమాలు మారేదాకా మీరు చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు టీచరు చేత బిడ్డ తీరు గురించి ఒక కాగితం రాయించి తీసుకెళ్లండి. 'వినికిడి, చూపు పరీక్షించాలా డాక్టరు గారూ?' అని అడగండి. మందు రాస్తే, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ మార్పులు గమనించాలి అని అడగండి. మందుతో పాటు ఇంట్లో మేము ఏం చేయాలి అని అడగండి. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు చిరాకుపడడు. వాటికి జవాబు చెప్పడానికైనా ఆయన మరోసారి పుస్తకం తెరుస్తాడు. ఫోనులో ఉచిత సలహా కావాలంటే టెలీ మానస్ సంఖ్య 14416కు చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు.

బిడ్డను మాత్రం కొట్టకండి. మొద్దు అని పిలవకండి. దృష్టి నిలపలేకపోవడం ఆ బిడ్డ నేరం కాదు. ఆ సంగతిని సకాలంలో గుర్తించగలిగేలా తన చదువును తాజాగా ఉంచుకోవడం మాత్రం వైద్యుడి బాధ్యత. ఆ బాధ్యతను గంటలతో కాక పిల్లల భవిష్యత్తుతో కొలిచే రోజు రావాలని కోరుకుంటున్నాను.